ఆట పెట్టెలో మన సిపాయిలు లేకపోతే మనమే రంగు వేసుకోవచ్చు

సంపాదకుల వారికి,

నమస్కారం. ఆ మధ్య మీ ఆదివారం అనుబంధంలో బోర్డు మీద ఆడే యుద్ధాల ఆటల గురించి, వాటిలో వచ్చే ప్లాస్టిక్ సిపాయి బొమ్మలకు రంగులు వేసుకునే కుర్రాళ్ళ గురించి ఒక వ్యాసం వేశారు. పోయిన వారం దాని మీద ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. గడ్డాలు మీసాలు వచ్చినవాళ్ళు బొమ్మలతో ఆడుకోవడమేమిటి, ఇది పిల్లలకు యుద్ధపిచ్చి అంటించడం కాదా అని ఆయన బాగానే కోప్పడ్డారు. నేను అరవై దాటినవాణ్ణి. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో, అంటే వంతెనలు కట్టి, బాటలు వేసి, మందుపాతరలు తీసే పాత మద్రాస్ శాపర్లలో, హవల్దారుగా చేసి పెన్షన్ మీద ఇంటికొచ్చాను. మా ఊరు తాడేపల్లిగూడెం దగ్గర. ఆయన తిట్టిన పనిలేనివాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి జవాబు రాయాలనిపించింది.

యుద్ధపిచ్చి సంగతి ముందే తేల్చేస్తాను, దాని మీద చెప్పేది పెద్దగా లేదు. చదరంగంలో ఏనుగులు, గుర్రాలు, బంట్లు ఉన్నాయి. అది మన దేశంలోనే పుట్టిందని గొప్పగా చెప్పుకుంటాం. చదరంగం ఆడి ఎవరూ కత్తి పట్టుకుని వీధిలోకి రాలేదు. నిజం చెప్పాలంటే ఈ బల్లమీది యుద్ధాలు పిల్లల కోసం పుట్టినవే కావు. 1812లో రైస్విట్జ్ అనే ఆయన ప్రష్యా రాజుకి ఇలాంటి ఆట ఒకటి తయారుచేసి చూపించాడు. సైన్యంలో ఆఫీసరైన ఆయన కొడుకు 1824లో దాన్ని మ్యాపుల మీద ఆడేలా మార్చాడు. అక్కణ్ణుంచి అది ఆఫీసర్ల శిక్షణలోకి వెళ్ళింది.

అంత దూరం కూడా వెళ్ళక్కర్లేదు. మన సైన్యంలో శాండ్ మోడల్ అని ఒకటుంటుంది. ఎక్సర్‌సైజుకి, అంటే యుద్ధాభ్యాసానికి వెళ్ళేముందు కమాండరు ఆర్డర్లు ఇచ్చేది దాని ముందు నిలబడే. నేల చదును చేసి, తడి మట్టితో గుట్టలు కట్టి, రంగు కలిపిన రంపంపొట్టు చల్లి అడవి చేస్తాం. నీలం పొడితో వాగు, తెల్ల టేపుతో రోడ్డు, ఊలు దారంతో హద్దులు. వంతెన ఎక్కడ వెయ్యాలో అక్కడ అగ్గిపుల్లలతో చిన్న వంతెన. చేతిరాత బాగుందని, కుంచె పట్టడం వచ్చని మా సుబేదార్ సాబ్ ఆ పని నా నెత్తిన పెట్టేవారు. తెల్లవారేసరికి కొండలూ గుట్టలూ తయారై ఉండాలి. ఒక్క గుట్ట పక్కకి జరిగితే రేపు నిజం నేల మీద ఒక ప్లాటూన్ దారి తప్పుతుంది, ఆ టెన్షన్‌తో రాత్రి నిద్ర ఉండేది కాదు. ఇక రంగుల సంగతంటారా, ఫౌజులో పనిచేసినవాళ్ళందరికీ ఆ మాట తెలుసు: కదిలేదానికి సెల్యూట్ కొట్టు, కదలనిదానికి చూనా (సున్నం) కొట్టు. చెట్టు మొదళ్ళకి, రాళ్ళకి, బకెట్లకి గేరూ (ఎర్రమట్టి రంగు), చూనా వేసిన చెయ్యి ఇంటికొచ్చి ఊరుకోమంటే ఊరుకుంటుందా?

ఇప్పుడు అసలు విషయం. డాలస్‌లో ఉండే మా మేనల్లుడు మా మనవడికని మెమొయిర్ 44 అనే ఆట తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం మీద ఆట. ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సేనలు దిగి 60 ఏళ్ళయిన సందర్భంగా 2004లో వచ్చింది. ఆరు పలకల గళ్ళున్న బోర్డు, ఎడమ, మధ్య, కుడి అని మూడు భాగాలు. చేతిలో ఉన్న కార్డు ఏ భాగానిదైతే అక్కడి దళాలే కదులుతాయి. పదాతి దళమంటే నలుగురు బొమ్మలు, ట్యాంకుల దళమంటే మూడు, ఫిరంగులైతే రెండు. పాచిక మీద జెండా పడితే వెనక్కి తగ్గాలి. ఒక దళంలో చివరి బొమ్మ పోతే ఎదుటివాడికి ఒక పతకం. పన్నెండేళ్ళ పిల్లాడు ఒక సాయంత్రంలో నేర్చుకుంటాడు. నన్ను మూడుసార్లలో రెండుసార్లు ఓడిస్తాడు, అది వేరే సంగతి.

ఆ పెట్టెలో ఒక పక్క అమెరికా సైన్యం, ఇంకో పక్క జర్మన్లు. ఒక పక్కవాళ్ళంతా ఒకే పచ్చ ప్లాస్టిక్. "తాతయ్యా, మీ శాపర్లు ఇందులో ఏ రంగు?" అనడిగాడు మావాడు. లేరు నాన్నా అన్నాను. నార్మండీ కథ కాబట్టి లేకపోవడం ఆ పెట్టె తప్పు కాదు. కానీ రెండో ప్రపంచ యుద్ధం అనగానే మన పిల్లల కళ్ళముందుకొచ్చే సిపాయి మొహం ఎప్పుడూ తెల్లదే. సినిమా అయినా, వీడియో గేమ్ అయినా, ఈ బొమ్మలైనా అంతే. ఆ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో ఉన్నవాళ్ళు 25 లక్షల మంది. చనిపోయినవాళ్ళు సుమారు 87 వేల మంది. 1940 డిసెంబరులో ఈజిప్టులోని సీదీ బరానీ దగ్గర ఇటలీ శిబిరాల మీద పడింది మన నాలుగో ఇండియన్ డివిజన్. 1941లో ఎరిత్రియాలో కెరెన్ కొండల దగ్గర, ఆ తర్వాత 1944లో ఇటలీలో కాసినో అనే ఊరి దగ్గర కూడా ఆ డివిజనే. ఆ కాసినో కొండ మీదికి ట్యాంకులు ఎక్కడానికి బాట తొలిచింది మన శాపర్లు, న్యూజిలాండ్ ఇంజనీర్లు కలిసి.

మా రెజిమెంటులో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా సుబేదార్ సుబ్రమణ్యన్ ఎవరో తెలుస్తుంది. 1944 ఫిబ్రవరి 24న, ఇటలీలో మిన్యానో దగ్గర మందుపాతరలు వెతుకుతుంటే వెనకాల ఒకటి పేలబోయింది. పేలడానికి ముందు దొరికే ఆ కొద్ది క్షణాల్లో ఆయన దాని మీద పడుకుని మిగతావాళ్ళని బతికించాడు. ధైర్యానికి ఇచ్చే జార్జ్ క్రాస్ అనే బ్రిటిష్ పతకం ఇచ్చారు. ఆయన తమిళుడు. ఆ కంపెనీల్లో తమిళులు, తెలుగువాళ్ళు, కన్నడిగులు, మలయాళీలు ఒకే పంక్తిలో తిన్నవాళ్ళే. తంబీ అంటే మాలో ఎవరైనా పలుకుతారు. మా పక్కనే ఉన్న మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని జిల్లా అంతా ఎందుకు పిలుస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. తాత ముత్తాతల నుంచీ ఇంటింటికీ సిపాయిలున్న ఊరది.

వాళ్ళు చేసింది తెల్లదొర యుద్ధం కదా, దాన్ని గుర్తుపెట్టుకోవడం ఎందుకు అని ఇంకొకరు అనొచ్చు. అనేవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. ఎవరి యుద్ధమైనా పోయినవాళ్ళు మనవాళ్ళు. నేను నాగాలాండ్‌లో ఉన్నప్పుడు కొహిమా శ్మశానవాటిక చూశాను. దహనం చేసిన హిందూ, సిక్కు సిపాయిల కోసం అక్కడ విడిగా ఒక స్మారకం ఉంది, అందులో 917 మంది పేర్లున్నాయి. ఒక పక్కనుంచి చదువుకుంటూ వెళ్ళాను, మధ్యలో బండి హారన్ కొట్టారు, పూర్తిచెయ్యలేదు.

అందుకని ఆ పెట్టెలో మనవాళ్ళని నేనే చేర్చడం మొదలుపెట్టాను. అమెరికా టోపీ లోతుగా ఉంటుంది, దానికి ఎంత రంగు పూసినా మనవాడు కాడు. మనవాళ్ళు పెట్టుకున్నది పళ్ళెం బోర్లించినట్టుండే బ్రిటిష్ ఉక్కు టోపీ. ఎయిర్‌ఫిక్స్ అనే కంపెనీ ఎనిమిదో సైన్యం (ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పోరాడిన బ్రిటిష్ సైన్యం) పేరుతో అమ్మే 1/72 సైజు, అంటే అసలు మనిషిలో 72వ వంతు ఉండే బొమ్మలు ఉన్నాయి, నిక్కర్లు, ఆ పళ్ళెం టోపీలు. అవి తెప్పించుకున్నాను. నిలబడిన మనిషి 24 మిల్లీమీటర్లు, అంటే అంగుళం లోపే. మెమొయిర్ బొమ్మల పక్కన పెడితే ఎబ్బెట్టుగా ఉండవు.

మీ వ్యాసంలో విదేశీ రంగులు, విదేశీ బ్రష్షులు లేకపోతే ఈ పని కాదన్నట్టు రాశారు. అది చదివి మన పిల్లలు బెదిరిపోతారు. స్పెయిన్ నుంచి వచ్చే చిన్న రంగు సీసా ఒక్కటి మనకి చేరేసరికి బాగా ఖరీదవుతుంది. అవి మంచి రంగులే, కాదనను. కానీ పుస్తకాల షాపులో దొరికే కామ్లిన్, ఫెవిక్రిల్ అక్రిలిక్ రంగులతో కూడా పని అవుతుంది. తేడా ఏమిటంటే వీటిలో రంగు పొడి కాస్త ముతక, పొర దళసరి. సీసాలోంచి తీసి తిన్నగా పూస్తే మొహం మీద ముక్కు, మూతి కప్పబడిపోతాయి. నీళ్ళు కలిపి పాలలాగా పలచన చేసుకుని రెండు మూడు పొరలు వెయ్యాలి. ఒక పొర ఆరాకే ఇంకొకటి. ఓపిక లేనివాళ్ళు వేరే పని చూసుకోవడం మంచిది.

మెత్తటి ప్లాస్టిక్ బొమ్మల మీద రంగు నిలవదని చాలామంది ఫిర్యాదు. నిజమే, అచ్చులోంచి వచ్చేటప్పుడు అంటిన జిడ్డు ఒకటి, ప్లాస్టిక్ వంగినప్పుడల్లా పొర పగలడం ఒకటి. ముందు గిన్నెలు తోమే సబ్బునీళ్ళలో వేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. తుపాకులు వంకరపోయి ఉంటే వేడినీళ్ళలో ముంచి, వేలితో తిన్నగా పట్టుకుని, వెంటనే చన్నీళ్ళలో పెట్టాలి. పాలిథీన్ బొమ్మలైతే పైన ఫెవికాల్ నీళ్ళలో కలిపి ఒక పూత. అది ఆరి, బొమ్మతో పాటు వంగే పలచటి చర్మంలా పట్టుకుంటుంది. దాని మీద రంగు వేస్తే త్వరగా ఊడదు. ఇది పాతకాలం ఆటగాళ్ళు చేసినదే, నా సొంత తెలివేం కాదు. మోటారు షాపుల్లో దొరికే స్ప్రే ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొట్టమని కొందరు చెప్తారు. మెత్తటి బొమ్మల మీద ఆ స్ప్రేలు కొన్ని ఎన్నాళ్ళకీ ఆరవు, వేలికి జిగురు అంటుతూనే ఉంటుంది. పైగా మన గోదావరి జిల్లాల్లో శ్రావణ భాద్రపదాల్లో స్ప్రే కొడితే గాలిలో తేమకి పైన తెల్లటి మంచులా పట్టేస్తుంది. కొట్టాలనుకుంటే సంక్రాంతి వెళ్ళాక, ఎండ వచ్చాక కొట్టండి.

మీకు ఒక్క బొమ్మ గురించి చెప్తాను, మిగతావి అలాంటివే. తుపాకి పట్టుకుని ముందుకి వంగిన ఒకడిని తీసుకుని, కూల్‌డ్రింక్ సీసా మూత మీద రెండు వైపులా అంటుకునే టేపుతో నిలబెట్టాను. బ్లేడుతో తుపాకి కోసేశాను. దాని బదులు గుండుసూది, దాని చివర కాగితం పంచ్‌తో తీసిన గుండ్రటి అట్టముక్క, ఫెవిక్విక్ చుక్క. మందుపాతరలు వెతికే డిటెక్టరు అయింది. 1941-42 చలికాలంలో పోలండు ఇంజనీరు కోసాట్స్కీ తయారుచేసిన డిటెక్టరు ఈజిప్టులో ఎల్ అలమీన్ యుద్ధం నాటికి సైన్యం చేతికొచ్చింది. కర్ర చివర పలక, చెవులకి హెడ్‌ఫోన్. హెడ్‌ఫోన్‌కి టోపీ అంచుకింద నల్లరంగుతో చిన్న చుక్క పెడితే చాలు. ఇదే సిక్కు సిపాయి అయితే టోపీ కోసేసి తలపాగా కట్టాలి. కుళాయి లీకులకి వాడే ఎమ్-సీల్ రెండు ముద్దలు కలిపి, సన్నటి పురికొసలా పేని, తల చుట్టూ ఏటవాలుగా చుట్టుకుంటూ రావాలి. వేలికి నీళ్ళు తడుపుకోకపోతే మొత్తం వేలికే అంటుకుని వస్తుంది.

ఇక ఖాకీ. ఎడారి ఖాకీ అంటే మన పోలీసు ఖాకీ కాదు, ఉతికి ఉతికి వెలిసిన రంగు. ఎల్లో ఓకర్‌లో (పసుపుమట్టి రంగులో) తెలుపు కలిపి, రా అంబర్ (మట్టి గోధుమరంగు) ఒక్క చుక్క వేస్తే దగ్గరికొస్తుంది. ఇటలీ చలిలో వేసుకున్న ఉన్ని బట్టలకైతే గోధుమరంగు ఎక్కువ కావాలి. బర్మాకైతే 1943 తర్వాత ఆకుపచ్చ. ఇవి కలిపేస్తే పాతవాళ్ళెవరైనా చూసి నవ్వుతారు.

చర్మం రంగు దగ్గర నేను ఎక్కువసేపు కూర్చుంటాను. చర్మం కోసమని సీసాలో కలిపి అమ్మే రంగుల్లో ఎక్కువగా తెల్లవాళ్ళకి సరిపడే గులాబీ ఛాయే వస్తుంది. మనకి బర్న్ట్ సియెనా (ఎర్ర గోధుమరంగు), ఎల్లో ఓకర్ సగం సగం, కొంచెం బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు). ఒకే రంగు పది మందికి వేస్తే మళ్ళీ అచ్చులోంచి వచ్చినట్టే ఉంటారు. మా సెక్షన్‌లో ఏ ఇద్దరి రంగూ ఒకటి కాదు. అందుకని ప్రతి బొమ్మకీ పాళ్ళు మారుస్తాను. మోచేతులు, మోకాళ్ళు కాస్త ముదురు. మొహం, చేతులు, నిక్కరు కింద కాళ్ళు వేశాక, రా అంబర్‌ని బాగా పలచన చేసి అందులో విమ్ చుక్క ఒకటి వేసి మొత్తం బొమ్మ మీద పారించాలి. సబ్బు ఉంటే నీళ్ళు బుడగలా నిలబడకుండా బట్టల ముడతల్లోకి, చేతివేళ్ళ మధ్యకి, టోపీ అంచుకిందకి వెళ్తాయి. ఆరాక ముక్కు మీద, చెంపల మీద, పిడికిలి కణుపుల మీద లేత రంగు అంటించీ అంటించనట్టు అంటించాలి. అప్పటిదాకా ముద్దగా ఉన్నది ఒక్కసారిగా మనిషి అవుతుంది. కళ్ళు వెయ్యొద్దు. ఈ సైజులో తెల్లగుడ్డు, నల్లగుడ్డు పెడితే దయ్యాన్ని చూసినవాడిలా తయారవుతాడు. కనుబొమ్మ కింద ఒక ముదురు గీత చాలు.

భుజం మీద నాలుగో డివిజన్ ఎర్ర గద్ద గుర్తు. అది అక్కడ అర మిల్లీమీటరు స్థలం. 000 నంబరు కుంచె మొన మీద ఎర్రరంగు, ఊపిరి బిగబట్టి రెండు గీతలు, రెక్కలన్నమాట. కాటరాక్ట్ ఆపరేషన్ అయ్యాక ఇంకా బాగా కనిపిస్తోంది. మా ఆవిడేమో పెన్షన్ ఆఫీసు కాగితం మీద సంతకం పెట్టడానికి వణికే చెయ్యి దీనికి వణకదేం అంటుంది. కింద అడుగుకి ఫెవికాల్ రాసి, టీ వడకట్టులో జల్లించిన గోదావరి ఇసుక. వాడేసి ఎండబెట్టిన టీపొడి కలిపితే మట్టిలా ఉంటుంది. చివర మ్యాట్ వార్నిష్. అది లేకపోతే బొమ్మ నిగనిగలాడి కొత్త స్కూటర్‌లా ఉంటుంది, పైగా పిల్లల చేతి చెమటకి రంగు లేచిపోతుంది.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70 చేశారు. మన బొమ్మల పరిశ్రమ బతకాలనే ఉద్దేశం మంచిదే, నాసిరకం ప్లాస్టిక్ పిల్లల నోట్లోకి వెళ్ళకూడదు కూడా. కానీ ఆ సుంకం పద్దులోనే పెద్దవాళ్ళు అతికించుకుని రంగులేసుకునే స్కేల్ మోడళ్ళు కూడా ఉన్నాయి. కాబట్టి మోడళ్ళని విడదీసైనా చూడండి, లేదా మన దగ్గరే ఎవరైనా అచ్చు పోసేలా చెయ్యండి. ప్లాస్టిక్ బకెట్లు, కుర్చీలు, పెన్నులు లక్షల్లో పోసే మిషన్లు విజయవాడలోనూ హైదరాబాదులోనూ తిరుగుతూనే ఉన్నాయి. తలపాగా కట్టిన ఒక సిపాయి, డిటెక్టరు పట్టుకున్న ఒక శాపరు, మ్యూల్‌ని (కంచరగాడిదని) నడిపించే ఒక జవాను, ఈ మూడు అచ్చులు చేస్తే నాలాంటివాళ్ళు ఎమ్-సీల్‌తో కుస్తీ పట్టే పని తప్పుతుంది.

పోయిన వారం ఉత్తరం రాసిన పెద్దాయనకి ఒక్క మాట. రంగులేసిన బొమ్మ పాచిక దెబ్బకి పోతే మా మనవడు దాన్ని పెట్టెలోకి గిరాటెయ్యడు. వాడికి సిపాయి మీద జాలి అని నేను చెప్పను, రంగు లేస్తుందని భయం, తాతయ్య తిడతాడని భయం. కానీ మందుపాతర గడి దగ్గరికొచ్చినప్పుడు మాత్రం డిటెక్టరు బొమ్మ ఎవరిదని అడుగుతాడు, మిన్యానో సంగతి మళ్ళీ చెప్పమంటాడు. స్కూల్లో రెండో ప్రపంచ యుద్ధం పాఠం చదివి వాడు ఇటలీలో మనవాళ్ళున్నారని తెలుసుకోలేదు. పెద్దాయన తాడేపల్లిగూడెం వైపు వస్తే మా ఇంటికి రావచ్చు, జర్మన్ల పక్క ఆయనకే ఇస్తాను.

మీ పాఠకుల్ని ఒక సాయం అడగాలి, అసలు ఈ ఉత్తరం రాసింది ఎక్కువగా దీనికే. చాలా ఇళ్ళలో ఆ యుద్ధానికి వెళ్ళిన తాతల ఫోటోలు గోడల మీద ఉంటాయి. నలుపు తెలుపైనా పర్లేదు. టోపీయా, తలపాగానా, భుజం మీద గుర్తు ఏ వైపు, బెల్టు కాన్వాసా తోలా, కాళ్ళకి పట్టీలా మేజోళ్ళా, ఈ నాలుగూ కనిపిస్తే నాకు సగం పని అయిపోయినట్టే. మీకు వీలైతే అలాంటి ఫోటోలు వారానికి ఒకటి వెయ్యండి. పంపేవాళ్ళు ఫోటోని ఫ్రేములోంచి తియ్యొద్దు. పాత ఫోటోలు అద్దానికి అతుక్కుపోయి ఉంటాయి, లాగితే మొహమే చిరిగొస్తుంది. గోడమీద నుంచి దింపి, అద్దంలో కిటికీ వెలుతురు పడకుండా కొంచెం పక్కకి వంచి ఫోనుతో తియ్యండి. వెనక అట్ట మీద పెన్సిలుతో నంబరు, కంపెనీ పేరు రాసి ఉంటే అది కూడా వేరేగా ఒక ఫోటో తియ్యండి.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
మద్రాస్ ఇంజనీర్ గ్రూప్,
పశ్చిమ గోదావరి జిల్లా